ఆయన వదిలిన సగం చుట్టు

“సెరువు సుట్టూ ఒక సుట్టు తిరిగీసి వొచ్చేస్తాను. అన్నం ఉంచవే.”

“తిరిగినోడివి తిన్నగా రా మావా. దార్లో ఎక్కడా కూకోకు.”

నేనూ మా ఆయనా అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన కూర్చున్నాడు. చెరువుకి అవతలి గట్టున సిమెంటు బల్ల మీద కూర్చుని, అలాగే పోయాడు.

మాది గరివిడి. ఆయనకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. నెలకోసారి విజయనగరం వెళ్ళి డాక్టరుకి చూపించుకునేవాడు. నూనె మానమని, నడవమని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి వెళ్ళినప్పుడల్లా అక్కడి ఆస్పత్రి వీధి చివరున్న చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగిగానీ ఇంటికొచ్చేవాడు కాదు. రాగానే అరుగు మీద కాళ్ళు చాపి, “పట్టవే, సెరువంతా నడిసినాను” అనేవాడు. నేను వేడినూనె రాసి పట్టేదాన్ని.

మా ఇళ్ళల్లో చుట్టు సగంలో వదలరు. కళ్ళం చుట్టూ తిరిగినా, అమ్మవారి చుట్టూ తిరిగినా, ఒకరు మధ్యలో ఆగిపోతే మిగతాది ఆ ఇంటి మనిషే తిరగాలి. లేకపోతే ఆగిన మనిషి ఎప్పటికీ అక్కడే తిరుగుతూ ఉంటాడు. ఆ మోకాళ్ళతో ఆయన్ని అలా తిరగనివ్వడం నా వల్ల కాలేదు. అందుకే బయల్దేరాను. తోడు మా మరిది కూతురు గౌరి. ఇది రాస్తున్నదీ గౌరే. నాకు సంతకం వరకే వచ్చు.

పొద్దున్నే గంజి తాగి బస్సెక్కాం. ఆడవాళ్ళకి ఇప్పుడు డబ్బులక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. వెళ్ళేవాళ్ళు మరిచిపోకండి. కండక్టరు కార్డు మీది బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఇది నువ్వేనా?”

“అప్పుడు బొట్టు ఉండేది నాయినా.”

టికెట్టు చింపి ఇచ్చాడు.

పక్క సీట్లో బైబిలు పట్టుకున్న ఒకామె కూర్చుంది. మిషన్ చర్చి మనిషట. నా ఒళ్ళో సంచిలోంచి మగవాళ్ళ చెప్పులు కనబడుతుంటే ఉండబట్టలేకపోయింది.

“ఎటు, అప్పా?” అని అక్కని పిలిచినట్టు పిలిచింది.

“సెరువు సుట్టూ నడవడానికి.”

“నడవడానికి బస్సెక్కినారా! మీ ఊర్లో రోడ్డు లేదేటి?”

సంగతంతా చెప్పాను. ఆమె, “మరి ఆయన ఎటునుంచి బయల్దేరినాడో తెలుసా? ఏ సగం మిగిలినాదో తెలకుండా ఎలా తిరుగుతావు?” అంది.

అది నాకు తట్టనే లేదు. అదే ఆలోచనలో దార్లో గుర్ల దాటిందీ, విజయనగరం వచ్చిందీ కూడా తెలియలేదు.

చెరువు గేటు దగ్గర ఈల మెళ్ళో వేసుకుని కాపలావాడు ఉన్నాడు. బాట మీద బాణం గుర్తులు వేశారు, అందరూ అటే నడవాలట. మా ఆయన ఎటు నడిచాడని అడిగాను.

“బాణం పెకారమే నడిసుంటాడు. ఎదురెల్తే నానూరుకుంటానా?” అన్నాడు.

తెల్లబూట్ల పెద్దాయన ఒకరు ఆగి, బాణాలకి ఎదురువైపు చూపిస్తూ, “బాణాలేసినది మొన్న కదేటి! అంతకు ముందు అందరం ఇటే తిరిగీవోళ్ళం” అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను సంచిలోంచి మా ఆయన చెప్పులు తీశాను.

“పోనీ, ఆ రోజు ఇవి ఎటు తిరిగి ఉన్నాయి?”

“బల్ల ముందర, సెరువుకేసి తిరిగి ఉన్నాయి” అన్నాడు కాపలావాడు.

“అంటే నీల్ల మీద నడిసెల్తన్నాడేటి?” అన్నాడు తెల్లబూట్లాయన.

గౌరి విసుక్కుంది. “పెద్దమ్మా, ఒక సుట్టు మొత్తం తిరిగీ. రెండు సగాలూ అయిపోతాయి.”

“అప్పుడది నా సుట్టు అవుతాదే. మీ పెదనాన్నది కాదు.”

మిగిలింది ఏ సగమైనా, మొదలయ్యేది బల్ల దగ్గరే. అక్కడిదాకా నడిస్తే, ఆయన నడిచేసినదాన్ని మళ్ళీ నడిచినట్టు. కాబట్టి ఆటో పిలిచాను.

“నడవడానికొచ్చి ఆటో ఎక్కుతన్నారేటమ్మా!” అని ఆటోవాడు దారిపొడుగునా నవ్వాడు.

బల్ల ఎదురుగా బజ్జీల బండి. నేను దిగుతుంటే ఆ బండి మనిషి గరిటె ఎత్తిపట్టి నా చేతిలో చెప్పుల్నే చూసింది.

“ఇవి గరివిడి ముసలాయనవి కావూ? నువ్వు ఆయన ఆడదానివా?”

“ఔను. ఆయన ఎటునుంచి నడిసొచ్చీవోడు, సెప్పమ్మా?”

“నడవడమేటి? ఆటోలో వొచ్చీవోడు. మిరపకాయ బజ్జీలు తిని, కాసేపు కూకుని, ఆటోలోనే ఎల్లిపోయీవోడు.”

గౌరి నోరు మూసుకుని అటు తిరిగింది. నవ్వుకి దాని వీపు కదులుతోంది. నాకు మాత్రం నేను నూనె రాసిన కాళ్ళు గుర్తొచ్చాయి. “ఇంకా గట్టిగా పట్టవే, పిక్కలు పీకేస్తన్నాయి” అని మూలిగేవాడు కూడాను.

“ఆ రోజు తిన్నాడా?” అడిగాను.

“లేదమ్మా. వాయి దించేలోగానే...” అంది. తర్వాత ఒక కాగితంలో బజ్జీలు పెట్టి ఇచ్చింది. ఆ బల్ల మీదే కూర్చుని తిన్నాను. ఒట్టు, బాగున్నాయి.

సగం మిగలలేదు. మొత్తం చుట్టు మిగిలింది. నా చెప్పులు సంచిలో పెట్టి ఆయనవి తొడుక్కుని, అమ్మవారి చుట్టూ తిరిగినట్టే చెరువుని కుడిచేతి వైపు ఉంచుకుని బయల్దేరాను. బాణాలన్నీ నాకు ఎదురే. చెప్పులు పెద్దవి, టపా టపా మోగుతున్నాయి. నీళ్ళ నిండా గుర్రపుడెక్క, దాని మీద కొంగలు. గేటు దగ్గర కాపలావాడు ఈల ఊదుతూ కొంతదూరం వెంటపడి, ఆయాసంతో ఆగిపోయాడు. తెల్లబూట్లాయన మొదటిసారి ఎదురైనప్పుడు, “నాన్సెప్పలేదా, ఇటేనని!” అని గెలిచినట్టు అరిచాడు. రెండోసారి ఎదురైనప్పుడు పక్కకి తప్పుకుని, నా కాళ్ళకున్న చెప్పులకి దండం పెట్టాడు.

బల్ల దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఒరుసుకుపోయాయి. చెప్పులు విప్పి బల్ల ముందర, ఈసారి రోడ్డుకేసి పెట్టాను. “అయిపోనాది మావా. ఇంక ఎల్లు” అన్నాను. వాటిని అక్కడే వదిలేశాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. బజ్జీల కాగితం నూనె వాసన బస్సంతా పట్టింది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: చెరువు చూడదగ్గదే. ఎండ ముదరకముందే వెళ్ళండి. బజ్జీలు అవతలి గట్టున ఉంటాయి, నడిచే వెళ్ళండి. నడవకపోతే ఇంటికెళ్ళి నడిచానని చెప్పకండి. మీ కాళ్ళు పట్టేవాళ్ళకి ఎప్పటికైనా తెలుస్తుంది.

చాలు గౌరీ, ఆపు. నా కాళ్ళు తర్వాత పట్టుదువుగాని, ముందు ఇదంతా చదివి వినిపించు. మొదట్నుంచీ. ఆయన మాట గట్టిగా చదువు, ఆయన గొంతు పెద్దది. నా మాట రాగానే మాత్రం ఆగు. అది నేనే చెప్పుకుంటాను.