సన్యాసిరావు గారి మూడో చూపు

ఆదివారం ఉదయం మిల్టన్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో పిస్తోలు తుడిచే ద్రావణం సీసా మూత తీస్తే, కిరసనాయిల్లో మగ్గిన అరటిపండు పిసికినట్టు ఒక వాసన లేస్తుంది. మా ఆయన కిరణ్‌కు అది బొత్తిగా పడదు. "మొదలుపెట్టావా తల్లీ" అంటూ పైకి పోయి కిటికీలు తెరుస్తాడు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే సన్యాసిరావు గారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. నాకు అమ్మా నాన్నా నేర్పినవి చాలా ఉన్నాయి, బళ్ళో నేర్చినవీ ఉన్నాయి. కానీ చేసే పనిని నమ్మకంగా చేయడం నేర్పింది ఆయనే. ఈ మాట ఆయన ఉండగా చెప్పలేదు, అదే బాధ.

ఆయనది విశాఖపట్నం దగ్గర పల్లె. అక్కడి వర్క్‌షాపులో లేతు పని నేర్చుకుని, ఈ దేశం వచ్చి, మిస్సిసాగాలోని ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఇనప అచ్చులు చెక్కి రిటైరయ్యారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలోనే తుప్పుపట్టిన సైన్యపు పిస్తోలు ఒకటి కొన్నారట. ఏదో యూరపు దేశం తన సిపాయిల కోసం చేయించి, అవసరం తీరాక మిగులు సరుకు కింద అమ్మేసిన రకం. పదకొండు వారాంతాలు కూర్చుని దాన్ని మనిషిని చేశానని చెప్పుకునేవారు. షూటింగ్ క్లబ్బుకు వస్తే పది తూటాలు కాల్చి, రెండు గంటలు తుడిచేవారు. "కాల్చడానిక్కాదమ్మా, తుడవడానికే కొన్నాను" అని పెద్దగా నవ్వేవారు.

నేను ఆ క్లబ్బుకు చేరింది ఆఫీసులో ఒకమ్మాయి వెంట సరదాగా వెళ్ళి. కాగితం మీది నల్లచుక్కకు మొదటిరోజే తూటా తగిలేసరికి కాళ్ళు నేల మీద ఆగలేదు. కోర్సు, లైసెన్సు అన్నీ అయ్యాక, కొత్తవాటి ధరలు చూసి కళ్ళు తిరిగి, నేనూ అలాంటి పాత సైన్యపు పిస్తోలే కొన్నాను. ఆ తర్వాత చట్టం మారింది. చేతిపిస్తోళ్ళు కొనడం, అమ్మడం, ఒకరి పేరు మీది నుంచి ఇంకొకరి పేరు మీదికి మార్చడం మాలాంటి వాళ్ళకు ఆగిపోయాయి. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, అంతే. సరిగ్గా అప్పుడే నాది మొరాయించడం మొదలుపెట్టింది. తూటాలు నింపే మ్యాగజైన్‌లోంచి పైకి రావలసిన తూటా సగం ఎక్కి, ముక్కు పైకెత్తి ఇరుక్కుపోయేది.

ఒక శనివారం అలాగే ఇరుక్కుంటే, ఏమైందో చూద్దామని వెలుతురు వైపు తిరిగాను. చేతిలో పిస్తోలూ నాతోపాటే మనుషుల వైపు తిరిగింది. కాల్చేవాళ్ళను కనిపెట్టుకుని ఉండే రేంజ్ ఆఫీసరు ఒక్క అరుపు అరిచాడు. పక్కనున్నవాళ్ళు కాల్చడం ఆపేశారు. ఇంకోసారి ఇలా జరిగితే క్లబ్బులోంచి తీసేస్తామని అందరి ముందూ చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక బల్ల దగ్గర కూలబడితే, అప్పటిదాకా పరిచయం లేని ముసలాయన, ఈ సన్యాసిరావు గారే, పక్కకొచ్చి తెలుగులో అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"వరంగల్, అంకుల్."

"అతను అరిచాడని ఏడవకు. అరవకపోతే ఏడవాలి. ఏటి చేశావు దీన్ని?"

గర్వంగానే చెప్పాను. ఇంటర్నెట్‌లో చదివి పెద్ద స్ప్రింగు మార్చాను, కొత్త మ్యాగజైన్ ఒకటి తెప్పించాను, తూటా ఎక్కే లోపలి వాలును నున్నగా రుద్దాను. మూడూ ఒకే రోజు. ఆయన నా మొహంలోకి చూసి, "ఏం ఉద్యోగం చేస్తావమ్మా?" అన్నారు. మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అన్నాను. "అక్కడా ఇలాగే మూడూ ఒక్కసారి మార్చేస్తారా?" అని అడిగారు. అలా మార్చిన కుర్రవాళ్ళను ఆఫీసులో కడిగి ఆరేసేది నేనే మరి!

ఆ రోజు క్లబ్బు బల్ల మీదే ఆయన పని మొదలుపెట్టారు. నా సంచిలోంచి పాత స్ప్రింగు తీసి మళ్ళీ వేశారు. మ్యాగజైన్ల అడుగున నా గోళ్ళరంగుతోనే ఒకటి, రెండు అని రాయించారు. "ఇరుక్కున్నప్పుడల్లా ఏ నంబరో రాయి. ఇంకేమీ ముట్టుకోకు" అన్నారు. మూడు శనివారాలు రాశాను. ఇరుక్కున్న ప్రతిసారీ రెండో నంబరే, నేను కొత్తగా తెప్పించి మురిసిపోయినది. దాని పై అంచులు కాస్త విచ్చుకుని ఉన్నాయి. తప్పు పిస్తోలుది కానే కాదు. దాన్ని పక్కన పడేశాక ఇవాళ్టిదాకా ఆ పిస్తోలు నన్ను ఇబ్బంది పెట్టలేదు. పాత స్ప్రింగు వేసి, నాచేత రాయించడమే తప్ప ఆయన చేసిన మరమ్మతు ఏమీ లేదని తరవాత తోచి, సిగ్గేసింది.

అన్నిటికంటే గట్టిగా నేర్పింది చూడటం. తుడిచేముందు, తుడిచాక, పిస్తోలు ఖాళీ అని మూడుసార్లు తేల్చుకోవాలి. మొదట మన కన్ను. తరువాత తూటా కూర్చునే చోట మన వేలు. ఎందుకంటే తూటాను బయటికి లాగే చిన్న కొక్కెం అరిగి జారిందంటే, తూటా చీకట్లో లోపలే ఉండిపోతుంది. ఆ పైన పక్కవాళ్ళ కన్ను.

"ఆ మూడోది ఎందుకు అంకుల్?" అన్నాను.

"మొదటి రెండూ నీవే కదా. నీకు నచ్చిందే చెబుతాయి. మూడోది పరాయిది. దానికి మొహమాటం ఉండకూడదు."

వాళ్ళింట్లో ఆ మూడో కన్ను ఆయన భార్య నరసమ్మ ఆంటీది. ఆవిడకు పిస్తోలంటే గిట్టదు. అయినా ఆయన కేకేస్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసి, "ఖాళీ. ఇంక అన్నానికి రండి" అనేవారు. నలభై ఏళ్ళు అలాగే చూశారట. ఆవిడ పోయాక, నెలకోసారి ఆదివారం నాకు ఫోను వచ్చేది. "అమ్మా, కన్ను కావాలి" అనేవారు. వెళ్ళేదాన్ని. ఆ ఇంట్లో ఇంక ఆయనకు మిగిలిన సంబరం ఆ పిస్తోలొక్కటే. అది తుడుస్తున్నంతసేపూ ఆంటీ గురించి కబుర్లు చెప్పేవారు. పెట్టెలో పెట్టి తాళం వేశాక మళ్ళీ ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి మందులేని ఉత్తుత్తి తూటాలతో తూటాలు సరిగా ఎక్కుతున్నాయో లేదో చూస్తున్నారు. అసలు తూటాలు ఆ బల్ల దరిదాపులకు కూడా రానిచ్చేవారు కాదు. పని అయ్యాక కన్ను పెట్టారు, వేలు పెట్టారు, "ఖాళీ" అన్నారు. పిస్తోలు నాకందించారు. నేను వంగి చూశాను. లోపల ఎర్రగా, ఉత్తుత్తి తూటా అడుగు.

ప్రమాదం ఏమీ లేదు, అది పేలదు. కానీ ఆయన సంగతి నాకు తెలుసు. చెబితే ఊరుకోరు, ఇంక దాన్ని తన దగ్గర ఉంచుకోరు. ఆ పిస్తోలు పోతుంది, ఈ చట్టంలో పోయిందంటే మళ్ళీ రాదు. ఆ పెద్దమనిషికి ఇంక ఆదివారాలు ఉండవు. ఖాళీ అనేసి, ఆయన అటు తిరిగినప్పుడు తీసేస్తే ఎవరికి నష్టం? ఒట్టు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నరసమ్మ ఆంటీ గుర్తుకొచ్చారు. గిట్టకపోయినా నలభై ఏళ్ళు నిజంగా వంగి చూసిన మనిషి.

"ఖాళీ కాదు అంకుల్" అన్నాను.

ఆయన తీసుకుని చూశారు. మళ్ళీ వేలు పెట్టారు.

"తగలడంలేదమ్మా. కన్ను అలవాటుగా ఆనించి వేలినే నమ్మాను, ఆ వేళ్ళేమో షుగరుకి మొద్దుబారాయి. నాలుగు నెలలుగా తెలుస్తూనే ఉంది, ఒప్పుకోలేదు."

"కొక్కెం అరిగింది అంకుల్, అంతే. పార్ట్ ఆర్డర్ చేస్తాను, మార్చేద్దాం. దీనికింత గాబరా ఎందుకు?"

"కొక్కెం మారుస్తావు. వేలు మారుస్తావా?"

ఆ మధ్యాహ్నమే పిస్తోలు తీసుకుపొమ్మని పోలీసులకు ఫోను చేశారు. నాకిద్దామన్నా చట్టం ఒప్పుకోదు. రెండు రోజులకు ఇద్దరు వచ్చారు. వాళ్ళు వచ్చేలోగా ఆయన పిస్తోలును ఇంకోసారి మెరిసేలా తుడిచి, నన్ను పిలిచి చూపించి, నేను ఖాళీ అన్నాకే పెట్టెలో పెట్టారు. కాగితం మీద సంతకం చేసి, వచ్చినవాళ్ళకు టీ ఇచ్చారు. వాళ్ళ కారు మలుపు తిరిగాక నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు. నా వల్లే పోయిందని కొన్ని వారాలు ఆయన మొహం చూడలేకపోయాను.

చివరికి ఆయనే ఫోను చేసి, "శనివారం నన్నూ ఎక్కించుకో, ఊరికే కూర్చుంటాను" అన్నారు. దారిలో కారులో ఉన్నట్టుండి, "ఆ రోజు చాలాసేపు చూశావమ్మా" అన్నారు. నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఖాళీ చూడ్డానికి అంతసేపు పట్టదు. నువ్వు నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది. చెబుతావా, నన్ను ముసలాణ్ణని జాలిపడి వదిలేస్తావా అని చూశాను. మీ ఆంటీ అయితే ఇంత ఆలస్యం చేసేది కాదు." కిటికీ వైపు తిరిగి, "అయినా చెప్పావు. చాలు" అన్నారు. రెండు చలికాలాలు అలా నా వెనక బల్ల మీద కూర్చుని నా పిస్తోలుకు మూడో చూపు చూశారు. పోయిన శీతాకాలం ముందు నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆఫీసులో ఏది విడుదల చేయాలన్నా, నా పని నేను రెండుసార్లు చూసుకున్నాక, నా మాట కాదనగలిగిన మనిషినే వెతికి కూర్చోబెడతాను. ఇంట్లో ఆ పని కిరణ్‌ది. ఇందాక తుడవడం ముగించి, కన్ను పెట్టి, వేలు పెట్టి, పైకి కేకేశాను. అతను ముక్కు మూసుకుంటూ దిగివచ్చి వంగాడు. ఎంతకీ మాట్లాడడు. "ఏంటి అంతసేపు? ఏముంది లోపల?" అన్నాను.

"ఆగవే, కళ్ళజోడు తుడుచుకోనీ" అన్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ వంగి, నిజంగా చూశాడు.

"ఖాళీ. ఇంక అన్నానికి రా."