మర్ఫీలకు నెత్తళ్ళ పులుసు

ఆసుపత్రి గుమస్తా ఇంటిపేరు ఏమిటని అడుగుతుంటే, మా ఆయన మంచం మీద నుంచే, "మర్ఫీ అని రాసుకోమనే" అన్నాడు.

"సచ్చే ముందైనా నిజం సెప్పు మావా" అన్నాను నేను.

సరదాకే అన్నాను. ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది, ఆ దగ్గులోనే పోయాడు. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. ఇంకాస్త మంచి మాట అని ఉండాల్సిందని గుండెలు బాదుకునే రకాన్ని కాను. నవ్వుతూ పోయాడు. అందరి మొగుళ్ళకీ ఆ రాత ఉండదు.

ఎవరు ఇంటిపేరు అడిగినా మా ఆయన మర్ఫీ అనేవాడు. ఆ మర్ఫీ ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాలి. నాకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. రాసేది నా తోటికోడలు, మా మరిది పెళ్ళాం, ఏడు దాకా చదివింది. ఈ గొడవంతా దాని పెళ్ళి గురించే గనక, దానికి నచ్చనిది ఎగరగొట్టేస్తుందేమోనని పక్కనే కూర్చుని చెబుతున్నాను.

ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నారు గాని ఇంకా పొగ లేవని రోజులు. మా ఆయన పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద కలాసీ. పుట్టింది చేపలు పట్టే ఇంట్లోనే, పడవ మీద కంటే జీతం మీద నమ్మకం ఎక్కువ. మరిది ఓడలకి కూరగాయలూ గుడ్లూ అందించే కొట్లో పనిచేసేవాడు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. చేపల రేవులో వేలంపాట దగ్గర భీమిలి నుంచి వచ్చే పిల్ల ఒకతె వాడి కంటబడింది. అదే, ఇప్పుడు రాస్తున్నది.

"అన్నా, ఆ గుంటని సేసుకుంటాను" అన్నాడు ఒకరోజు.

"ఆళ్ళ ఇంటిపేరేటి?"

మరిది నేల చూస్తూ చెప్పాడు. మాదీ అదే. ఆ పేరు ఇక్కడ రాయించను, సగం ఒడ్డుకి అదే పేరు, అందరూ నా మీదకొస్తారు.

"సెల్లెల్ని సేసుకుంటావేట్రా ఎదవా!" అని మా ఆయన లేచాడు. మాలో ఇంటిపేరు ఒకటైతే ఒక కడుపున పుట్టినట్టే. అమెరికాలో పుట్టినా అంతే.

"ఆళ్ళెవరు, మనమెవరు? ఒక్కపాలైనా పెళ్ళికి పిలిసేరా? సావుకి కబురెట్టేరా?"

"పిలవలేదంటే తగువున్నట్టు. తగువుందంటే దాయాదులన్నట్టే కదేట్రా!"

దీనికి ఏ ప్లీడరు జవాబు చెప్పగలడు? పిల్ల తండ్రి మాత్రం ఒక దారి ఉంచాడు. మీ అన్న మా గడపలోకి వచ్చి, మీదీ మాదీ వేరే ఇల్లని తన నోటితో అంటే పిల్లనిస్తాను, లేదా మాఘమాసంలో పూడిమడక వాళ్ళకి ఇచ్చేస్తాను అన్నాడు. మరిది తిండి మానేశాడు. తిండి మానేసిన మగాడు ఇంట్లో ఉంటే వండిన ఆడదానికి ఎంత ఒళ్ళు మండుతుందో అడక్కండి.

అలాంటప్పుడు ఐర్లాండు మనుషులున్న ఓడ ఒకటి ఇంజను పాడై మా రేవులో కూలబడింది. అందులో ఇద్దరు ఇంజనీర్లు. ఒకడు తాటిచెట్టు, ఒకడు బట్టతల. ఇద్దరి ఇంటిపేరూ మర్ఫీ. టగ్గు పని మీద మా ఆయన రోజూ ఆ ఓడెక్కి దిగేవాడు, ఒకటి కనిపెట్టాడు. వాళ్ళిద్దరూ ఒక చోట కూర్చోరు, కలిసి తినరు, మాట్లాడుకోరు.

"ఆస్తి తగువేనే. దేశంగాని దేశమొచ్చి కూడా మొకాలు సూసుకోటం లేదు. పెద్దోళ్ళెవరూ లేరు, మనమే కలపాల" అన్నాడు.

"నీ తమ్ముడు అన్నం ముట్టక సత్తన్నాడు. నీకు మర్ఫీల తగువు కావాల్సొచ్చిందేటి?"

వింటేనా? ఆదివారం ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చేశాడు. వీధంతా మా గుమ్మంలోనే ఉంది. నేను నెత్తళ్ళ పులుసు, రొయ్యల ఇగురు చేశాను. ఇద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మా ఆయన పంచాయితీ మొదలెట్టాడు.

"యూ బ్రదర్, హీ బ్రదర్. ల్యాండు ఫైటు నో గుడ్!"

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత పొట్టలు పట్టుకుని నవ్వారు. బట్టతలాయనకి పులుసు కారం నషాళానికెక్కి, నవ్వుతూనే ఏడ్చాడు. మరిది అడిగి చెప్పాడు. తగువూ లేదు, గిగువూ లేదు. ఒకడు పగలు డ్యూటీ, ఒకడు రాత్రి డ్యూటీ. ఒకడు లేచేసరికి ఒకడు పడుకుంటాడు, ఇంకెప్పుడు మాట్లాడుకుంటారు? చుట్టాలు కానే కారు. ఒకడిది ఆ దేశానికి ఈ చివర, ఒకడిది ఆ చివర.

"మరి పేరొకటేలా అయింది?" అన్నాడు మా ఆయన.

తాటిచెట్టు మర్ఫీ చెప్తుంటే మరిది తెలుగులో చెప్పాడు. ఎప్పుడో పాతకాలంలో, సముద్రం మీద పోట్లాడే మొనగాడు అని అర్థం వచ్చే పేరొకటి వాళ్ళ దేశంలో ఉండేదట. పేరు బాగుందని ఊరికొకడు పెట్టుకున్నాడట. వాళ్ళ మనవలు తాతపేరునే ఇంటిపేరు చేసుకున్నారట. మూలం ఒక్క ఇల్లు కాదు, చాలా ఇళ్ళు. ఇప్పుడు అక్కడ సంతలో నిలబడి మర్ఫీ అని కేకేస్తే సంత సంతంతా తిరుగుతుందట.

మా ఆయన తమ్ముడి వైపు అనుమానంగా చూశాడు. "ఇది ఆడు సెప్తన్నదా, నీకు పనికొచ్చేదా?"

"అన్నా, అమ్మతోడు!"

"నువ్వాగు, నానడుగుతాను." తాటిచెట్టు వైపు తిరిగాడు. "యువర్ ఫాదర్, మర్ఫీ?"

"మర్ఫీ."

"మదర్? బిఫోర్ మేరేజీ?"

"మర్ఫీ!" అన్నాడు ఆయన, పెద్ద సంబరంగా.

మా ఆయన చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. ఆయన్ని చాలాసేపు జాలిగా చూశాడు. "ఓలమ్మో, ఎంత మంచోడే పాపం. ఇంకో గరిటె పొయ్యే, తిననీ" అన్నాడు నాతో.

ఊరుకున్నాడనుకుంటే మళ్ళీ అడిగాడు. "గాడ్? సామి ఎవురు?" తాటిచెట్టు మర్ఫీ మెడలోంచి మరియమ్మ బిళ్ళ తీసి చూపించాడు. బట్టతలాయన తల అడ్డంగా ఊపి, మా ఇంట్లో బొమ్మలు పెట్టుకోరు, మా గుడే వేరు అన్నాడు. మా ఆయన నమలడం ఆపేశాడు. మాలో ఒక మూలానికి ఒకటే ఇంటి దేవత. అన్నదమ్ములు పడవలు పంచుకుంటారు, వలలు పంచుకుంటారు, దేవతని మార్చుకోరు.

"దేవతలు ఏరైతే ఇళ్ళు ఏరే" అన్నాడు, తనలో తను.

"మావా, భీమిలోళ్ళ అమ్మోరెవరో ఎప్పుడన్నా అడిగేవా?" అన్నాను నేను, మజ్జిగ పోస్తూ.

మా ఆయన మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. వెనకాల నేను, నా వెనకాల మరిది.

భీమిలిలో పిల్ల తండ్రి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇంటిపేరు ఒకటి గదా, మా ఆయన ఆ వరసే పెట్టి పిలిచాడు. "సిన్నానా, మీ ఇంటి దేవతెవరు?"

చిన్నాన్న అన్న మాటకే మరిది మొహం నల్లబడిపోయింది. మాకు నూకాలమ్మ. వాళ్ళకీ ఆవిడే అయితే పెళ్ళి మాట మునిగిపోయినట్టే. ఆ పెద్దమనిషి నోరు తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఎంగిలి నోటితో అమ్మ పేరెత్తకూడదు. తానం సేసొత్తాను" అని నూతి దగ్గరికి పోయాడు.

అలాంటి స్నానం నేను జన్మలో చూడలేదు. చేద దింపుతాడు, తోడతాడు, పోసుకుంటాడు, మళ్ళీ దింపుతాడు. మరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తలుపు సందులోంచి ఒక కన్ను మమ్మల్నే చూస్తోంది. "ముసిలోడు ఒళ్ళు కడుగుతన్నాడా, పడవ కడుగుతన్నాడా?" అన్నాను నేను. లోపల్నుంచి కిసుక్కున నవ్వు వినబడింది.

ఆయన తడిబట్టతో వచ్చి, దేవత కుండ ఉన్న మూలకి దణ్ణం పెట్టి, "సత్తెమ్మ తల్లి" అన్నాడు.

మా ఆయన తువ్వాలు దులిపి అరుగు మీద కూర్చున్నాడు.

"మీ ఇల్లేరు, మా ఇల్లేరు. మంచినీళ్ళిప్పించు మావా" అన్నాడు.

చిన్నాన్న మామ అయిపోయాడు. అంతే, పెళ్ళి కుదిరిపోయింది. మరిది ఆ గడపలోనే చతికిలబడి, నాలుగు రోజుల ఆకలీ అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఒదినా, తినటానికేటన్నా ఉందేటో అడుగు" అన్నాడు. తలుపు సందులో కన్ను మాయమైంది. పళ్ళెం నిండా అన్నం వచ్చింది.

ఏమే, కలం ఆపేశావేం? ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? ఆ మొహం ఏదో సరిగా పెట్టి, మా ఆయన మీ నాన్నని మావా అన్న కాడి నుంచి ఒకసారి చదివి వినిపించు. గట్టిగా చదువు.