నాలుగా, పదహారా

ఆదోని కాలేజీలో సుంకమ్మా నేనూ గణితం చెబుతాం. మొండితనంలో ఆమె నాకు రెండింతలు. దేవనకొండ దగ్గర కూలీల ఇంట పుట్టిన మనిషి, డాక్టరేటు కోసం ఆరేళ్ల సెలవులన్నీ ధారపోసింది.

ఆమె పని కె3 అనే ఉపరితలాల మీద. అవి కంటికి కనబడవు. కానీ వాటి మీది వక్రరేఖలు ఒకదాన్నొకటి ఎన్నిచోట్ల తాకుతాయో అంకెలుగా రాస్తే ఒక అల్లిక తయారవుతుంది. దాన్నే లాటిస్ అంటాం. ఆ లాటిస్ నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య ఉపరితలం జాతి చెబుతుంది. సుంకమ్మ రెండు ఉపరితలాల సమీకరణాలు పట్టింది. ఒకదానికి నాలుగొచ్చింది, రెండోదానికి పదహారు. కాబట్టి రెండూ వేరని రాసింది. ఆమె వ్యాసంలో అసలు అధ్యాయం అదే.

సోమవారం మౌఖిక పరీక్ష. ఆదివారం ఎమ్మిగనూరు సంతలో వాళ్లమ్మ ఉరుకుందమ్మ బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, అమ్ముతోంది. పక్కన కూర్చుని కొలిచేది సుంకమ్మే. చిన్నప్పటి నుంచి అలవాటు. 'లాభం, రెండు, మూడు' అంటూ శేర్లు పోసి, పైన ఒక గుప్పెడు కొసరు వేస్తుంది. గణితం మేడం కొసరును లెక్కలో చేర్చదేమని నేను ఎగతాళి చేశాను.

"లెక్కలో సేర్సం గానీ, మూటలో ఉంటాది గదప్పా," అంది ఉరుకుందమ్మ.

సుంకమ్మ చేయి ఆగిపోయింది.

రెండో ఉపరితలం మీద ఒక వక్రరేఖ ఉందట. అది తనను తాను తాకే లెక్క కడితే సున్నా వస్తుంది, లాటిస్ ర్యాంకును, అంటే దాని దిశల సంఖ్యను, పెంచదు. అందుకని కొసరులా పక్కన పెట్టేసింది. కానీ అది లాటిస్‌లోనే ఉంది. చేర్చుకుంటే పదహారు కాస్తా నాలుగవుతుంది. అంటే రెండూ ఒకే ఉపరితలం! అధ్యాయమంతా తప్పు.

నోరు మూసుకో తల్లీ, పట్టా చేతికొచ్చాక దిద్దుకుందువు, ఎవడూ కనిపెట్టడు అన్నాను. పిరికి సలహా, ఒప్పుకుంటున్నాను. ఆమె నన్ను చూసిన చూపుకు సంతలో తల దించుకున్నాను.

మర్నాడు పరీక్షకుడు నోరు తెరవకముందే తప్పు తనే చెప్పేసింది. అయితే ఆ అధ్యాయంలో ఇంకేం మిగిలిందమ్మా అని ఆయన సూటిగా అడిగాడు.

"రెండూ ఒకటేనన్న రుజువు, సార్. బోర్డు మీద రాస్తాను."

నలభై నిమిషాలు రాసింది. సుద్ద విరిగితే ముక్కతోనే రాసింది. చివరికి ఆయన లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, రెండు వరుసలు మళ్లీ చదువుకుని, తల ఊపాడు. అధ్యాయం తిరగరాసి మూడు నెలల్లో ఇవ్వమన్నారు. పట్టా అప్పుడే ఇస్తారట.

బయటికొచ్చాక, నా మాట వినుంటే ఈ రోజే డాక్టరువయ్యేదానివి అన్నాను.

"అయ్యేదాన్నే అన్నా," అంది. "పిల్లోళ్లకు పాఠం యా మొగంతో సెప్పేదాన్ని?"