చదవని పుస్తకానికి నా పూచీ

మా నాన్నది కనిగిరిలో పచారీ కొట్టు. కందిపప్పు కోసం వచ్చిన మనిషి కాస్త తటపటాయిస్తే చాలు, ఆయన నోట ఒక మాట దానంతటదే వచ్చేది: "మా ఇంట్లో వాడేదీ ఇదేనమ్మా!" మా ఇంట్లో వాడేది అది కాదు. బస్తా అడుగున మిగిలిన నూక, పురుగు తగిలితే ఎండబెట్టి చెరిగిన పప్పు, అవీ మా భాగం. మంచి సరుకు తానే తినేవాడు వ్యాపారం చేయలేడని మా మేనమామల సిద్ధాంతం. వాళ్ళవీ కొట్లే.

గుంటూరు వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాక, పుస్తకాల దగ్గర కూడా నాకు అదే పద్ధతి పట్టుబడింది. ఇంట్లో నేను చదివేవి మాంత్రికుల నవలలు. అట్టలు ఊడినవి, పాత పుస్తకాల బండి దగ్గర గీచి గీచి బేరమాడి తెచ్చుకున్నవి. శాపం తగిలి మేకగా మారిపోయినా రాజుగారికి సలహాలివ్వడం మానని మంత్రి కథ ఒకటుంది. ఒంట్లో బాగాలేనప్పుడల్లా అదే చదువుతాను. నలుగురిలో మాత్రం నేను సైన్స్ ఫిక్షన్ మనిషిని. కాలం, అంతరిక్షం, మానవజాతి భవిష్యత్తు. వాటికి తక్కువైతే నేను నోరు విప్పను.

ఆ నలుగురూ అంటే బ్రాడీపేటలో ఒక హోమియో డాక్టరుగారి మేడ మీద నెలకో ఆదివారం చేరే ఏడెనిమిది మంది. ఒక్కొక్కరు తాము చదివి ఇష్టపడ్డ పుస్తకం ఒకటి చెప్పాలి. అదొక్కటే నియమం. ఆ రోజు నేను పట్టుకెళ్ళింది తెలుగులోకి వచ్చిన ఒక లావుపాటి నవల. ఒక ఓడ నక్షత్రాల మధ్య తరాల తరబడి పోతూ ఉంటుంది, అందులోనే జనం పంటలు పండించుకుని పుట్టి చచ్చిపోతుంటారు. నేను చదివింది నలభై పేజీలు. చెప్పింది అరగంట.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పెద్దాయన మాలో ఒకరు. ఆయన పుస్తకాన్ని చేతిలో ఎగరేసి చూశాడు. "ఏమండోయ్, పైన ఎర్రకాయ పోసి అడుగున రంగుపోయిన తాలుకాయ పెట్టలేదు గదా?"

"రెండుసార్లు చదివానండీ," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. మా నాన్న మాట వచ్చినట్టే వచ్చింది.

కిటికీ పక్కన టీచరుగారు కూర్చుని ఉన్నారు. వినుకొండలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరై, గుంటూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఆవిడకి చూపు నడిమధ్యన మసకబారుతోంది. చదవాలనుకున్నవి ఉంటే ఇప్పుడే చదివేసుకోండి, తర్వాత కుదరకపోవచ్చు అని కంటి డాక్టరు చెప్పాడట. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకున్నా వెలుగుకి కళ్ళు మండుతాయి. అందుకని భూతద్దం పెట్టుకుని, పొద్దున ఎండ బాగా వచ్చినప్పుడు ఒక గంట చదువుకుంటారు. ఇదంతా మాకందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"ఎన్ని పేజీలయ్యా అది?" అన్నారు.

"ఐదొందల పైచిలుకండీ."

"అమ్మో. నా కళ్ళు అంత దూరం రావు. చిన్నదేదైనా చెప్పు."

అక్కడ ఆగిపోవాల్సింది. కానీ కొట్టు మెట్లెక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపిస్తే మా వంశానికే అప్రతిష్ఠ. "మొదటి వంద పేజీలు ఓపిక పట్టండి టీచరుగారూ, ఆ తర్వాత అదే లాక్కెళ్తుంది. ఒక్క పుస్తకమే చదవాలంటే నేనైతే ఇదే చదువుతాను," అన్నాను. ఆవిడ పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. నాకు బేరం తెగిన సంతోషం కలిగింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది గానీ, కలిగింది.

తర్వాతి నెల ఎనభై పేజీలయ్యాయన్నారు. ఆపై నెల నూట డెబ్భై. "పొద్దున అరగంట వాక్యానికి, అరగంట నీ పుస్తకానికి," అన్నారు నవ్వుతూ. బైబిల్‌తో సగం పంచుకున్నానని విన్నాక కూడా నేను నిజం చెప్పలేదు. కనీసం ఆ పుస్తకం ఇంకో ప్రతి తెచ్చుకుని మిగతాదైనా చదవలేదు. ఆవిడ కథ గురించి ఏదో అడగబోతే, "ఇప్పుడే చెప్పేస్తే మజా పోతుందండీ," అని తప్పించుకున్నాను. నాలుగో నెల నుంచి ఆవిడ రావడం మానేశారు.

మరో రెండు మూడు నెలలకి ఒక రోజు చెల్లెలుగారు ఫోన్ చేశారు. "అక్క మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది. ఏదో పుస్తకం సంగతంట."

వెళ్ళేసరికి టీచరుగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆ నవల ఉంది. భూతద్దం లేదు.

"పూర్తి చేశానయ్యా," అన్నారు. "చివరి యాభై పేజీలు చెల్లెలు చదివి పెట్టింది. అక్షరం ఇక ఆనడం లేదు."

నేను చెప్పులు విడిచి వరండా మెట్టు మీద కూర్చున్నాను.

"నిన్ను ఒకటి అడగాలి, దాచకుండా చెప్పు. నాకు ఇందులో ఏమీ దొరకలేదు. ఎక్కడికక్కడే ఉంది ఓడ. మానేద్దామనుకున్నా ఎన్నోసార్లు. కానీ నువ్వు రెండుసార్లు చదివానన్నావు గదా, నువ్వంత ఇష్టపడ్డావంటే ఏదో ఉండే ఉంటుంది, నాకే అందట్లేదు అనుకున్నా. కళ్ళతో పాటు బుర్ర కూడా పోతోందేమోనని భయమేసింది. రాత్రిళ్ళు ఎక్కాలు అప్పజెప్పుకుని చూసుకున్నానయ్యా. ఏముంది ఇందులో? నాకు చెప్పు."

"మీ బుర్రకేం కాలేదండీ," అన్నాను. "నేనే పూర్తిగా చదవలేదు."

"ఎంత చదివావు?"

"సగమండీ."

ఆవిడ పుస్తకం సగానికి తెరిచి నా వైపు తిప్పారు.

"వంద పేజీలు."

"బేరం ఆడకు."

"నలభై. వెనక అట్ట కూడా చదివాను."

ఆవిడ పుస్తకం మూసి పక్కన స్టూలు మీద పెట్టారు. తిడతారనుకున్నాను. తిడితే చెల్లు అనుకునే బుద్ధి నాది. ఆవిడ వీధి వైపు తిరిగారు. "హమ్మయ్య, బుర్ర బాగానే ఉంది," అన్నారు. ఆ మాటకి ఆవిడ మొహంలో నిజంగా ఊరట కనిపించింది. నేను అప్పుడు పడినంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఆవిడ చూపు చివరి నెలలు తినేసి, నేను ఆవిడకి ఇవ్వగలిగిన మంచివార్త అదొక్కటీ.

"సరే గానీ, నువ్వు నిజంగా చదివేదేంటి?"

నవల పేరు చెప్పడానికి కూడా నోరు రాలేదు. "మేకగా మారిన మంత్రండీ... మాంత్రికుడు..." అని నసిగాను.

"పట్రా. చదివి పెట్టు."

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవకుండా వెళ్ళాను. ఇంట్లో ఒక్కణ్ణీ చదువుకుంటే ఎంతో బాగుండే పుస్తకం, సైన్సు చెప్పిన మనిషి ముందు గట్టిగా చదువుతుంటే వాక్యం వాక్యానికీ పరువు తీసింది. మేక మంత్రి రాకుమారి చీర కొంగు నమిలేసి క్షమాపణగా పద్యం పాడే ఘట్టం వచ్చింది. చెవులు వేడెక్కి రెండు కాగితాలు కలిపి తిప్పేశాను.

"ఎక్కడికి పోయావు? ఇప్పుడే కోటలో ఉన్నాం, అడవిలోకి ఎలా వచ్చాం?"

"ఆ భాగం బాగుండదండీ."

"అందులో ఏముంది?"

"మేక పద్యం పాడుతుంది. ఛందస్సు కూడా సరిగ్గా ఉండదు."

"నీకు ఇష్టమేనా అది?"

ఒక వస్తువు గురించి అడిగితే అది బాగుండదని కొనేవాళ్ళకి చెప్పిన అలవాటు మా ఇంటావంటా లేదు.

"బాగుండదండీ. నాకు ఇష్టం."

"అయితే వెనక్కి తిప్పు," అన్నారు టీచరుగారు. తిప్పాను. మొదటి పాదం సగంలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. ఆవిడ నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. కళ్ళు మూసుకుని, పిల్లాడు చెప్పే జవాబు వినే పంతులమ్మలా తల కొంచెం వంచి వింటున్నారు. నేను పద్యం చివరిదాకా చదివాను.