పౌనమ్మ మేకల పాలు పిండిందెవరు?

దెయ్యాలంటే నాకు నవ్వు. ఇప్పటికీ నమ్మను. కానీ నా కళ్ళతో చూసినదాన్ని ఎవరైనా కొట్టిపారేస్తే మాత్రం ఊరుకోను.

నేనుండేది పట్నంలో, లాస్‌పేటలో. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న దీవి ఉంది. దాన్ని ఖాళీ చేయించేముందు అక్కడ మిగిలిన మనుషుల్నీ జంతువుల్నీ ఫొటోలతో సహా నమోదు చేసే పని మా ఆఫీసులో నాకు అప్పగించారు. ఒకప్పుడు ఊరే ఉన్న చోట నేను వెళ్ళేసరికి ఒక్క ఇల్లే మిగిలింది. పౌనమ్మ అనే ముసలామె, ఆరు మేకలు, ఒక కుంటి కుక్క. కోడలు సెల్వి ఇవతలి ఒడ్డున ఉన్న సోలై నగర్ నుంచి అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్ళేది.

"నన్ను ఈడ్నించి లేపాలంటే ముందు ఏరు ఎండాల" అంది పౌనమ్మ మొదటిరోజే.

నెల తిరక్కుండా జ్వరమొచ్చి, పట్నం ఆసుపత్రిలో పోయింది. నాలుగు రోజులు దీవికి ఎవరూ వెళ్ళలేదు. సెల్వి బంధువుల మధ్యే ఉంది, నేను రోజూ వెళ్ళి చూశాను.

ఐదోరోజు పొద్దున మేకల్ని తీసుకురావడానికి సెల్వి పడవ తీసింది. ఫొటోల కోసం నేనూ ఎక్కాను. పాలిచ్చే మేకలు మూడు. వాటి పిల్లల్ని అంతకుముందే అమ్మేశారు. పొదుగులు రాళ్ళలా గట్టిపడి ఉంటాయని సెల్వి దారంతా బాధపడింది.

మేకలు నిమ్మళంగా నెమరేస్తున్నాయి. సెల్వి పొదుగు తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏందక్కా ఇది? ఇప్పుడే పిండినట్టుండాయి."

నేనూ తాకి చూశాను. మెత్తగా, ఖాళీగా ఉన్నాయి. గుమ్మం పక్కన చెంబు, దానిమీద తడిగుడ్డ. తీసి చూస్తే పాలు. గోరువెచ్చగా ఉన్నాయి, నురగ కూడా తగ్గలేదు.

మేం తెచ్చిన అన్నాన్ని కుక్క వాసన చూసి, కడుపు నిండినట్టు వదిలేసింది.

ముందురోజు రాత్రి వాన పడింది. ఒడ్డంతా బురద. దీవి చుట్టూ తిరిగాను. మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకొకరివి లేవు. మరో పడవ ఆగిన గుర్తూ లేదు.

సెల్వి ఏడవలేదు. మేకల్ని కట్టడానికి తెచ్చిన తాళ్ళను పడవలోకి విసిరేసింది.

"మా అత్త యాడికీ పోలే. నేనూ పోను."

ఆ వారమే పెట్టె, పొయ్యి తెచ్చుకుని ఆ ఇంట్లో చేరింది.

దీవి ఖాళీ అని రాయమన్నాడు మా పైఅధికారి. ఒకరు ఉన్నారని రాశాను. కొట్టేశాడు. మళ్ళీ రాశాను. పాల సంగతీ రాశాను. నీకు మతి పోయిందన్నాడు. పోతే పోయింది, ఆ చెంబు పట్టుకున్న చేతులు నావి.

ఆ పాలు ఎవరు పిండారో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.