కొరియా రచయితను భయం గురించి అడగడానికి వెళ్లాం

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చర్చి స్నేహితురాలు గ్రేసమ్మ రాస్తోంది. ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. మా అమ్మాయి సునీత వృద్ధాశ్రమంలో నర్సు, తీరిక దొరికితే కథలు రాస్తుంది. ఈసారి మా పేట పనులు చూసే లోకల్ బోర్డు ఎన్నికల్లో నిలబడతానంది. ఆ కబురు పొక్కిన వారానికే, ఈ పరాయిదేశంలో మేముండే పాపటోయిటోయి పేట కూరగాయల షాపులో ఒకాయన నా పక్కనే బెండకాయలు ఏరుతూ నవ్వాడు. "ఆంటీ, మీ అమ్మాయిని కథలతో ఊరుకోమనండి. ఆమె కథలో పెళ్లాన్ని కొట్టినవాడు నిజంగా ఎవడో మాకు తెలుసు. మీ ఇల్లూ తెలుసు." అప్పటినుంచి బయట కారు ఆగితే నా గుండె ఆగుతోంది.

సునీతతో పనిచేసే జియన్ అనే కొరియా అమ్మాయి తండ్రి ఒకప్పుడు పేరున్న నవలా రచయిత. ఓడలు కట్టే కూలీల మీద నవల రాస్తే, జనమే బతిమాలి ఎన్నికల్లో నిలబెట్టారట. అక్కడి పార్లమెంటుకు గెలిచారు. ఇప్పుడు ఇక్కడే, హార్బర్ అవతల నార్త్ షోర్‌లో కూతురి దగ్గరుంటున్నారు. ఆయన వద్దంటే నా కూతురు ఆగుతుందని నా ఆశ. నామినేషన్‌కు ముందే కలవాలని పట్టుబట్టాను.

బుధవారం తొమ్మిది దాటాక ట్రైన్ ఎక్కాం. ఆ వేళ దాటితే నా సీనియర్ కార్డుకు ఛార్జీ లేదు. సిటీకి ముప్పావుగంట, అక్కణ్నుంచి రెండంతస్తుల బస్సు. హార్బర్ వంతెన మీద గాలికి బస్సు ఊగింది.

"దిగిపోదామే!"

"వంతెన మీద ఎక్కడ దిగుతావమ్మా, నీళ్లలోకా?"

జియన్ బార్లీ టీ ఇచ్చి, పియర్ పండు కోసి పెట్టింది. పెద్దాయన గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చున్నారు. "రాజకీయాల్లో మీకు భయం వెయ్యలేదా?" అని అడిగాను. ఆయన కొరియా భాషలో చాలాసేపు చెప్పారు. మధ్యలో లేచి తలుపు గడియ చూసొచ్చారు. జియన్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. సునీత నావైపు తిరిగి, "భయమేం లేదన్నారమ్మా" అంది.

"అంత పొడుగు మాటకి ఇంత పొట్టి తెలుగా? ఆయన లేచి గడియ చూసిరావడం నాకు కనబడలేదనుకున్నావా? ఉన్నదున్నట్టు చెప్పు!"

సునీత తల దించుకుని చెప్పింది. ఆయన నవలలో దుర్మార్గుడి మాటల్ని ఆయన సొంత మాటలంటూ ప్రత్యర్థులు పార్లమెంటులో చదివారట. ఎవరో రాత్రిళ్లు ఇంటి గేటు ఊపేవారట. ఆ తర్వాత ఆయన ఒక్క పేజీ కూడా రాయలేకపోయారు.

"మళ్లీ అయితే నిలబడతారా?" అన్నాను, వద్దనాలని మనసులో ప్రార్థిస్తూ.

"నిలబడతాను. కానీ అప్పట్లోలా నా భార్యతో 'భయమేం లేదు' అని అబద్ధం చెప్పను. ఆమె చనిపోయేదాకా ఒంటరిగా భయపడింది," అన్నారాయన.

ఈసారి సునీత ఒక్క ముక్క కూడా మింగలేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

బస్టాపులో అడిగాను, "భయమేస్తోందా?"

"చచ్చేంత, అమ్మా."

"అయినా నామినేషన్ వేస్తావా?"

"వేస్తాను."

వేసింది. తోడుగా నేనూ వెళ్లాను. నేను ఆశించిన జవాబు దొరకలేదు, నా భయం గోరంత కూడా తగ్గలేదు. అయితే ఇంట్లో పిరికిదాన్ని నేనొక్కదాన్నే అనుకుని ఇన్నాళ్లూ ఆ భయాన్ని కోపంగా మార్చి కూతురి మీద విసిరాను. ఇప్పుడు కనీసం ఇద్దరం ఒకే భయాన్ని పేరు పెట్టి మాట్లాడుకుంటున్నాం.

ఇలాంటి మనిషిని కలవబోయేవాళ్లకు ఒక్క సలహా: మాటలు తెలుగులో చెప్పడానికి పరాయివాళ్లని తీసుకెళ్లండి. మీరంటే ప్రాణమైన వాళ్లను మాత్రం వద్దు.