ఎలపటి ఎద్దు యజమాని

కృపానందానికి ఉన్నది ఒకే ఒక్క ఎద్దు. కంకిపాడు అవతల, కాలవ గట్టు కింద కాస్త సొంత నేల చెక్క, దాన్ని ఆనుకుని కౌలు పొలం, ఇంటి పక్కన రేకుల కొట్టం, ఆ కొట్టంలో సమ్సోను. మనిషికి యాభై దాటాయి. వయసులో ఉన్నన్నాళ్లూ ఊళ్లో పెద్ద రైతుల ఎడ్లకు దాణా కలిపి, ఒళ్లు రుద్ది, బండలాగుడు పోటీలకు తోలుకెళ్లి, అవి గెలిచినప్పుడు ఫొటోలో పడకుండా పక్కకు తప్పుకున్నవాడు. అలాంటివాడు తనకంటూ ఒక కోడెదూడను కొనుక్కున్న రోజున దాన్ని చర్చి గేటు దాకా తీసుకెళ్లి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, బైబిల్లోని బలశాలి పేరు, సమ్సోను అని పెట్టుకుంటే అందులో నవ్వడానికేముంది? ఊరంతా నవ్వింది. నవ్వుకోనివ్వండి, మనకేం.

కానీ ఒక్క ఎద్దు బండను లాగలేదు గదా! జత కావాలి. రెండో ఎద్దును కొనే తాహతు కృపానందానికి లేదు. ఇలాంటివాళ్ల కోసమే ఈ పోటీల్లో ఒక పద్ధతి ఉంది. ఇద్దరు యజమానులు చెరో ఎద్దూ పెట్టి ఒక జతగా దిగవచ్చు. మైకులో ఇద్దరి పేర్లూ చదువుతారు, గెలిస్తే ఇద్దరి మెడలోనూ దండ వేస్తారు. అలా దొరికాడు విఠల్. పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపు అతనిది. తాతగారి కాలం నాటి ఎడ్ల పిచ్చి మనవడికి అంటుకుంది గానీ అపార్ట్‌మెంటులో ఎద్దును ఎక్కడ కట్టేస్తాడు? కొన్న ఎద్దును తెచ్చి కృపానందం కొట్టంలోనే కట్టాడు. దాని పేరు రుద్ర.

రుద్రను ఎడమ పక్క, అంటే దాపట కట్టారు. సమ్సోనును కుడి పక్క, ఎలపట కట్టారు. రెండూ తెల్లటివే, రెండూ ఒకే ఊరి మందలో పుట్టినవే, పక్కపక్కన నిలబెడితే కొత్తవాళ్లకు ఏది ఏదో తెలియదు. మూడేళ్లుగా ఆ జత దిగిన చోటల్లా ముందు వరసలోనే ఉంటోంది. మరింకేం, కృపానందం హాయిగా ఉండాలి గదా?

ఎక్కడి హాయి! కడుపుమంట.

ఎందుకంటే జనం నోట రుద్ర తప్ప ఇంకో మాట లేదు. “దాపటిది చూడరా, ఏం లాగుతోందిరా నాయనా!” అంటారు. మైకాయన కూడా “విఠల్ గారి రుద్ర” అని గొంతు చించుకుని, ఊపిరి తీసుకుని, “మరియు కృపానందం గారి గిత్త” అని ముగించేస్తాడు. మరియూట! అన్నిటికన్నా పెద్ద తద్దినం కొండపల్లి నుంచి వచ్చే పవన్‌కుమార్. ఏ ఊళ్లో పోటీ జరిగినా ఫోను పట్టుకుని ముందే దిగిపోతాడు. అతని లైవ్ చూడని ఎడ్ల అభిమాని ఈ చుట్టుపక్కల లేడు. “ఫ్రెండ్స్, లాగేది రుద్ర, పక్కది జస్ట్ తోడు నడుస్తోంది” అని అతను ఒకసారి అన్నాడు. ఆ ముక్కను కృపానందం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నాడో ఆయన భార్య దానమ్మకే తెలుసు.

“ఏవయ్యా, మనుషుల మీద పడి ఏడ్చేవాళ్లని చూశా గానీ ఎద్దు మీద ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తన్నా” అంది దానమ్మ. “దానికి తెలుసా పాపం, పవన్‌కుమార్ ఏమన్నాడో?”

“దానికి తెలీదు. దాన్ని కొన్నోడికి తెలుసుగా!”

“ఆయనేం చేశాడు నిన్ను?”

ఏం చేశాడంటే ఏం చెబుతాడు? విఠల్ ఏమీ చెయ్యలేదు, అదే ఆయన చేసిన తప్పు. ఆదివారం కృపానందం చర్చి నుంచి వచ్చేసరికి కారు గుమ్మంలో ఉంటుంది. ఇస్త్రీ చొక్కా నలగకుండా రుద్ర మెడ మీద చెయ్యి వేసి ఫొటో దిగుతాడు. దానమ్మకు షుగరు మాత్రలు తెచ్చి ఇచ్చి డబ్బు తీసుకోడు. “అంతా మీ చేతి చలవే కృపానందం గారూ” అంటాడు. ఎదురుగా ఉన్నంతసేపూ కృపానందం “విఠల్ గారూ, మీరు” అంటాడు. కారు మలుపు తిరగగానే “వాడు” అయిపోతాడు. నానబెట్టిన ఉలవలు రెండు ఎడ్లకూ సమానంగా పెట్టాలి. పెడుతున్నాడు గానీ, సమ్సోను తొట్లో ఇంకో దోసెడు ఎక్కువ పడుతోంది. అది కూడా అటూ ఇటూ చూసి.

నిజం చెప్పుకోవాలంటే కృపానందానికి బహుమతి మీద ఆశ లేదు. వేలమంది చూస్తుండగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, “సమ్సోను!” అని జనం అరవాలి. అదీ ఆయన కోరిక. అరవకపోవడానికి కారణం కూడా ఆయన ఆలోచించి పెట్టుకున్నాడు. జనానికి ఎద్దు కనిపించదు, పక్క కనిపిస్తుంది. దాపట ఏది కడితే దాన్నే పొగుడుతారు. సమ్సోనును దాపట కట్టి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి ఎద్దు ఏమిటో!

ఆ అవకాశం ఈ వేసవిలో బరి రూపంలో వచ్చింది.

పోటీ పెట్టే ఊళ్లో పాత బరి ఎంత గట్టిదో కృష్ణా, గుంటూరు వైపు ఎడ్లవాళ్లందరికీ తెలుసు. ఆ నేల ఇప్పుడు ప్లాట్లయిపోయి, రంగురంగుల రాళ్లు పాతించుకుంది. అందుకని కాలవ పక్క పల్లం పూడ్చి కొత్త బరి వేశారు. ఇక అభిమానుల గోల మొదలైంది. “అది బరా, వరిమడా?” అని ఒకడు. “మా ఊరికిచ్చుంటే సిమెంటు రోడ్డులా చేసిచ్చేవాళ్లం” అని పక్క ఊరివాడు. ఆ పక్క ఊరివాడికి పోటీ తమ ఊరికి దక్కలేదన్న కుళ్లు ఉందనుకోండి, అది వేరే సంగతి. “మట్టి మెత్తగా ఉంటేనే అసలు ఎద్దు బయటపడుతుంది” అని ఇంకొకడు. పవన్‌కుమార్ బరి మీద కూర్చుని, మట్టిని పిడికిట్లోకి తీసుకుని నలిపి చూపించాడు. “ఫ్రెండ్స్, ఈ కొస గట్టిదే. కాలవ కొసన, ఎడ్లు తిరిగే చోట, కాలు దిగబడుతోంది.”

పోటీ రోజు పొద్దున కృపానందం తనే వెళ్లి ఆ మట్టి తొక్కి చూసి వచ్చాడు. విఠల్ కారు దిగగానే పక్కకు పిలిచాడు.

“విఠల్ గారూ, తిరుగుడు దగ్గర మెత్తగా ఉందండీ. ఎడ్లను ఎప్పుడూ ఎడమకే తిప్పుతాం గదా, దాపటిది నిలబడ్డ చోటే తిరుగుద్ది. ఎలపటిది చుట్టూ నడవాలి. ఆ మెత్తట్లో నడవాలంటే మీ రుద్రకున్న బలం నా దానికి లేదండీ.”

తన నోటితో తన ఎద్దును తక్కువ చేసి చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో! అయినా చెప్పాడు.

“అయితే ఏం చేద్దామంటారు?”

“ఇవాళ్టికి పక్కలు మారుద్దామండీ. రుద్ర ఎలపట, నాది దాపట.”

“మీకు తెలియనిదేముంది? మీరెలా అంటే అలాగే” అన్నాడు విఠల్. వెంటనే, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా. ఆ నమ్మకం చూసి కూడా కృపానందానికి ఒళ్లు మండింది.

ఎడ్లను తోలేది కృపానందం మేనల్లుడు యేసుకుమార్. ఈ మాట విని చేతిలో కాడి కింద పెట్టేశాడు.

“మావయ్యా, నీకేమన్నా మతి పోయిందా? రుద్ర తిరుగుడు దగ్గర నిలబడే ఎద్దు. పుట్టి బుద్ధెరిగాక ఎలపట నడిచింది లేదు. ఇప్పుడు బరిలోకి దిగి చుట్టూ నడవమంటే నడుస్తదా?”

“నడుస్తది. నోరు మూసుకుని కట్టు.”

నడవదని కృపానందానికి యేసుకుమార్ కన్నా బాగా తెలుసు. ఎడ్ల మధ్య బతికినవాడికి ఆ మాత్రం తెలియకపోవడమేమిటి? తెలిసీ కట్టించాడు. అసూయ అంత పాడుది. పది మందిలో తన ఎద్దు మెరుస్తుందంటే జత మునిగినా ఫరవాలేదనిపించింది ఆ పూట.

విజిలు వేశారు. అది మళ్లీ పడేలోపు ఆ కొసకూ ఈ కొసకూ ఎంత దూరం లాగితే అంత. బండ కదిలింది.

అబ్బ, ఏం లాగిందండీ సమ్సోను! తల వంచి, వీపు సాచి, పక్కదానికన్నా ఒక అడుగు ముందే ఉంది. కృపానందం గుండె కూడా దాంతోపాటే పరుగెత్తింది. జనం లేచి నిలబడ్డారు. తువ్వాళ్లు గాల్లోకి లేచాయి. మూడేళ్లుగా ఆయన ఎదురుచూసిన అరుపు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది.

“రుద్రా! రుద్రా! దాపటిది చూడరా, రుద్రరా!”

కృపానందం మైకు వైపు తిరిగాడు. మైకాయనదీ అదే పాట. “విఠల్ గారి రుద్ర విజృంభణ!” పవన్‌కుమార్ ఫోను ఎత్తి పట్టుకుని “ఫ్రెండ్స్, రుద్ర లైఫ్‌టైమ్ పెర్ఫార్మెన్స్” అంటున్నాడు. పక్కలు మారాయని వీళ్లలో ఒక్కడికీ తెలియదు! ముక్కు చూసి, మూపురం చూసి ఎద్దు పుట్టుక చెబుతామనే పెద్దమనుషులు!

కాలవ కొసన తిరుగుడు వచ్చింది. యేసుకుమార్ ఎడమకు అదిలించాడు. కుడి పక్కనున్న రుద్ర, అలవాటు ప్రకారం, నాలుగు కాళ్లూ పాతేసి నిలబడింది. సమ్సోను, దాని అలవాటు ప్రకారం, నడవబోయి రుద్రను గుద్దుకుంది. కాడి మెలిపడింది. ఎడ్లను విడదీసి, తోసి, బతిమాలి తిప్పేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. మళ్లీ తిన్నగా వస్తే సమ్సోను గుంజుకొచ్చింది. మళ్లీ తిరుగుడు, మళ్లీ అదే మొరాయింపు.

“ఎలపటి ఎద్దు ముంచేసిందిరా!”

“ఆ కృపానందం గిత్త ఎప్పుడూ అంతేరా. రుద్ర పక్కన కట్టే ఎద్దేనా అది?”

తాడు కట్టిన గట్టు దగ్గర కృపానందం నిలబడి అంతా విన్నాడు. ‘ఆ లాగేది నాదిరా దొంగ సచ్చినోళ్లారా’ అని అరవాలి. అరిస్తే, పక్కలు ఎవరు మార్చారని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? అరవకపోతే సమ్సోను జీవితంలో ఎన్నడూ లాగనంత లాగి, ముంచిన ఎద్దని పేరు మోయాలి. ఎటూ తేలకముందే విజిలు పడింది. ఎప్పుడూ మొదటి వరసలో ఉండే జత ఈసారి బహుమతుల దరిదాపుల్లో లేదు.

ఎడ్లను చెట్ల కిందకు తోలుకొచ్చారు. యేసుకుమార్ సమ్సోను మెడ మీద నీళ్లు పోస్తున్నాడు. పవన్‌కుమార్ లైవ్ ఆపకుండానే వచ్చి విఠల్ పక్కన నిలబడ్డాడు. వెనకాల ఒక గుంపు.

“విఠల్ అన్నా, ఇవాళ మీ రుద్ర పులన్నా. ఆ పక్కదే దెబ్బకొట్టింది. ఇకనైనా జత మార్చండన్నా, మా అందరి మాట ఇదే.”

విఠల్ తల అడ్డంగా ఊపాడు. “లేదు పవన్. ఇవాళ దాపట కట్టింది కృపానందం గారి ఎద్దుని. మీరంతా చప్పట్లు కొట్టింది దానికే. తిరుగుడులో మొరాయించింది నా రుద్ర.”

గుంపు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పవన్‌కుమార్ రెండు ఎడ్లనూ మార్చి మార్చి చూశాడు.

“పక్కలెందుకు మార్చారన్నా?”

“బరి మెత్తగా ఉందని నాకే అనిపించింది. ఆయన వద్దన్నా నేనే మార్పించా. తప్పు నాది.”

ఫోను మీద ఎర్రటి గుండె బొమ్మలు పైకి తేలడం మొదలుపెట్టాయి. ‘విఠల్ అన్న మనసు బంగారం.’ ‘మనిషంటే నువ్వన్నా.’ ‘పార్ట్‌నర్‌ని కాపాడాడు, గ్రేట్.’ కృపానందం పక్క నుంచి తొంగిచూసి ఆ ముక్కలన్నీ కూడబలుక్కుని చదివాడు.

అయిపోయింది! గెలిచినన్నాళ్లూ పేరు వాడిదే. ఓడిపోయిన రోజున కూడా పేరు వాడిదే. ఆఖరికి తాను కడుపుమంటతో చేసిన వెధవ పని, తన సొంత పని, దాన్ని కూడా చొక్కా నలగకుండా ఎత్తుకుపోయి గుండె బొమ్మలు కొట్టేస్తున్నాడు!

“అబద్ధం!” అని కేక పెట్టాడు కృపానందం. “ఆయనకేం తెలుసు? మార్పించింది నేను! మెత్తగా ఉందని కథ చెప్పింది నేను! రుద్ర అటు నడవదని తెలిసే చెప్పా. ఆయన మీదేసుకుంటే నేనూరుకుంటానా!”

యేసుకుమార్ చేతిలో బక్కెట్టు ఆగిపోయింది. విఠల్ మొహం చూడటానికి కృపానందానికి ధైర్యం చాలలేదు. పవన్‌కుమార్ మెల్లగా ఫోను దించాడు.

“ఎందుకండీ అలా చేశారు?”

“ఎందుకేంటయ్యా? మూడేళ్ల నుంచి రుద్ర, రుద్ర, రుద్ర! నా ఎద్దు అక్కడ చస్తా లాగతంటే తోడు నడుస్తందని నువ్వేగా అన్నావు! ఒక్కసారి, ఒక్కసారన్నా దాని పేరు మీ నోటితో పిలుస్తారని...” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. పవన్‌కుమార్ సమ్సోను దగ్గరకు వెళ్లి, దాని రొమ్ము మీద ఇంకా ఆరని చెమటను చూశాడు. వెనక్కి తిరిగి, తప్పు చేసినవాడిలా, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏమనుకోకండి. ఇంతకీ దీని పేరేంటండీ?”

కృపానందం అతని వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ పోటీ పోటీకీ వచ్చి చూసినవాడు, ఫోనులో అన్ని వేలమందికి ఎడ్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. వాడికి పేరు నచ్చక పిలవకపోవడం కాదు, అసలు పేరే తెలియదు. కృపానందానికి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఇంతలో పక్కన విఠల్ చెప్పబోతూ పెదవులు కదపడం కంటబడింది.

అదొక్కటీ మాత్రం వాడి నోట రానివ్వకూడదనుకుని, కృపానందం ముందుకు తోసుకొచ్చి, ఉన్న ఊపిరంతా పెట్టి “సమ్సోను!” అని అరిచాడు.